ఆత్రేయపురములో నేతిపరీక్ష

గోదావరిని దాటి కోనసీమలోనికి పోవు త్రోవలు పెక్కు గలవు. వానిలో మాకు మిక్కిలి ప్రియమైనది ధవళేశ్వరపు త్రోవ. రాజమహేంద్రవరమునుండి బయలుదేరిన బస్సు ఆనకట్టమీది కెక్కగానే కుడిచేతివైపున నిండుజలము సముద్రమువలె పరచుకొనియుండును. ఎడమచేతివైపున, వరదల కాలము తప్ప, ఇసుకతిన్నెలును వాని నడుమ సన్నని నీటిపాయలును కానవచ్చును. కాటన్ దొర 1847లో ఆరంభించి 1852లో ముగించిన పాత ఆనకట్టకు మారుగా నేడు తలుపులు గల క్రొత్త బరాజు నిలిచియున్నది. బొబ్బర్లంక చేరిన పిమ్మట దారి కాలువను పట్టుకొని సాగును. ఒకవైపు నీరు, ఒకవైపు అరటితోటలు, కొబ్బరితోటలు, వరిచేలు. అట్లు కొంతదూరము పోవునప్పటికి అంగళ్లమీద ‘నేతి పూతరేకులు’ అను బోర్డులు ఒకదానివెంట నొకటి కనబడనారంభించును. అదియే ఆత్రేయపురము.

ఆ ‘నేతి’ అను విశేషణమును చదివినప్పుడెల్ల మాకు నవ్వు వచ్చును. పూతరేకునకు నేయి గాక మఱేమి పూయుదురు? పాలకు ‘పాలతో చేసిన పాలు’ అని పేరు పెట్టినట్లున్నది గదా! కాని యీ కాలమున ఆ రెండక్షరములను ప్రత్యేకించి వ్రాసికొనవలసిన యవసరము కలిగినది. అట్టి యవసరమే మా వంటయింటికిని వచ్చినందున, గడచిన సంక్రాంతిసెలవులలో మేము చేసిన యీ చిన్న ప్రయాణమును సోదరీమణులకు విన్నవింప దలచితిమి.

మా వారు పాఠశాలలో ఉపాధ్యాయులు. కార్తికమాసమున చేయించిన రక్తపరీక్షలో వారికి కొలెస్టరాలు హెచ్చుగా నున్నదని తేలెను. ఆ మాట ప్రాకి ప్రక్కయింటికి చేరగా, ఆ యింటి యిల్లాలు మంచిమనసుతోనే ఒక ప్లాస్టిక్ డబ్బా తెచ్చియిచ్చి, “వెన్న మానిపించి ఇది రాయండి వదినగారూ, ఇందులో కొలెస్టరాల్ అనేదే లేదు” అని చెప్పిపోయెను. రొట్టెపై రాచుకొను పసుపుపచ్చని పదార్థమది. మా యమ్మాయికి ఆ డబ్బా ఎంతయు నచ్చెను. మా యత్తగారు మాత్రము దానిని దూరమునుండియే చూచి, “ఇది ఏ గొడ్డు ఇచ్చిందే?” అని యడిగిరి.

మేము డబ్బాపై నున్న సన్నని యక్షరములను చదివితిమి. పామాయిలు మొదలగు నూనెలు, నీరు, ఉప్పు, నూనెను నీటిని విడిపోకుండ పట్టియుంచు పదార్థము, చెడకుండ నుంచు పదార్థము, పచ్చనివన్నెకు రంగు, వెన్న వాసనకై వాసనద్రవ్యము. పశువు లేని వెన్న! కొలెస్టరాలు లేదనుట సత్యమే, చెట్టునూనెలలో అది యుండదు. కాని వెన్న హానికరమని విడిచిపెట్టినవారికి వెన్నవన్నెయు వెన్నవాసనయు ఏల కావలెనో మాకు బోధపడలేదు. ఇంట రెండు పక్షము లేర్పడెను. అత్తగారు విషమనిరి. అమ్మాయి అమృతమనెను. మా వారిని తీర్పు చెప్పుమనగా, “మీరు తేల్చుకొనుడు, పెట్టినది తినెదను” అని పత్రిక చేతికి తీసికొనిరి. ఇంతలో సంక్రాంతి వచ్చెను. ఆత్రేయపురమునకు చేరువ గ్రామముననున్న మా వదినగారు, అనగా మా వారి యక్కగారు, రమ్మని కబురుచేసిరి. అమ్మాయి ఆ డబ్బాను సంచిలో పెట్టుకొనియే బయలుదేరెను.

వదినగారింట రెండు గేదెలు గలవు. తెల్లవారకముందే వాని సేవ మొదలగును. వరిగడ్డి, కాలువగట్టు పచ్చిక, తవుడు, నానబెట్టిన తెలకపిండి. ఈ తెలకపిండిని గూర్చి ఒక్క మాట చెప్పక ముందుకు పోజాలము. నువ్వులు గానుగాడగా నూనె మనుష్యునకు, పిండి పశువునకు. మనము ఆవకాయలో పోసికొను పప్పునూనెయు, పెరుగుపై నిలుచు మీగడయు ఒక్క నువ్వుగింజనుండియే కొంత కొంత వచ్చుచున్న వన్నమాట. గోదావరి జిల్లాలవారు ఆ తెలకపిండిని సయితము పశువునకే విడిచిపెట్టక కూర వండుకొందురు. దాని రుచి తెలిసినవారికి తెలియును!

గేదెపాలలో నూటికి ఆరేడు పాళ్లు కొవ్వుండును, ఆవుపాలలో రమారమి నాలుగు. వదినగారి అత్తగారి కాలమున పాలకుండను పిడకల దాలిమీద నుంచి, ఉదయమునుండి సాయంకాలమువరకు సన్నని వేడిమిపై కాగనిచ్చెడివారట. పాలు ఎఱ్ఱవాఱి, మీగడ అట్టువలె కట్టెడిదట. ఇప్పుడు దాలి లేదు. గ్యాసుపొయ్యిమీద కాచి, చల్లార్చి, తోడుపెట్టుచున్నారు. కవ్వమైనను కానరానందున, “కవ్వమేది వదినగారూ?” అని మే మడిగితిమి. ఆమె దూలమువైపు చేయి చూపి, “అదిగో! పండగకి బొట్టుపెడతాం. రోజూ చిలికేది మిక్సీయేనమ్మా. కవ్వం చూసే కళ్లకి బాగుంటుంది గాని, లాగే చేతికి కాదు” అనిరి. పాతది యెల్ల మేలని వాదించువారు ఇట్టి చేతులను ఒకమాఱు చూడవలెను. ముప్పదియేండ్లు త్రాడు లాగిన చేతులవి.

చిలుకుటలో కిటుకంతయు వేడిమిలోనే యున్నది. పెరుగు మిక్కిలి చల్లగా నున్నచో కొవ్వుకణములు గట్టిపడి ఒకదానినొకటి అంటవు. మిక్కిలి వెచ్చగా నున్నచో కరగి మజ్జిగలోనే తేలిపోవును. అందుచేత వేసవిని చన్నీళ్లు, చలికాలమున గోరువెచ్చని నీళ్లు పోయుదురు. వదినగారు వ్రేలు ముంచి చూచి నీళ్లు పోయించిరి. కొంతసేపటికి మిక్సీధ్వని మారెను. నుఱుగు విరిగి, తెల్లని ముద్దలు పైకి తేలెను. ఆ వెన్నను రెండు మూడు నీళ్లలో కడిగి, పుల్లనినీరు పోవువరకు పిండి, రాతిగిన్నెలో చన్నీటిలో విడిచిరి.

మా తండ్రిగారు మాకు చిన్ననాడు అమరకోశము వల్లె వేయించినప్పుడు, వెన్నకు ‘నవనీతము’ అను పేరేల వచ్చెనో చెప్పియుండిరి. నూతనముగా తీయబడినది కనుక నవనీతము. మఱియొక పదము ‘హైయంగవీనము’. పలుకుటకు నోరు తిరుగని యీ మాటకు, నిన్న పిదికిన యావుపాలనుండి పుట్టిన నేయి యని యర్థము. పేరులోనే ‘నిన్న’ యున్నది! ఏ దినపు పాలో చెప్పు పదము. మా యమ్మాయి డబ్బాను త్రిప్పిచూడగా దాని గడువు పెక్కునెలల దూరమున నుండెను. ఆ రెండింటిని ఒక్క బల్లపై ప్రక్కప్రక్కన పెట్టి చూచినప్పుడు మా మనసున మొదటి మొగ్గు ఏర్పడెనని చెప్పవచ్చును.

వెన్న కాచుట అందఱకును తెలిసినదే. అయినను దానివెనుక నున్న కారణమును మన యాడపిల్లలకు చెప్పుట మంచిది. వెన్నలో నూటికి ఎనుబది పాళ్లు కొవ్వైనచో, తక్కినది చాలవఱకు నీరు, కొద్దిగా పాలపదార్థము. ఆ నీరున్నంతవఱకు చిటపట మనును. నీరు పోగానే చప్పుడణగి, అడుగుమడ్డి గోధుమవన్నె తిరిగి, కమ్మని వాసన పుట్టును. అప్పుడు వదినగారు నాలుగు మునగాకురెమ్మలు వేసి దించిరి. నీరు లేనందుననే నేయి నెలలతరబడి నిలుచును. కిలో వెన్న కాచినచో ఎనిమిదివందల గ్రాముల నేయికి మించి రాదు. బజారులో వెన్న నేతులకుగల ధరతారతమ్యమునకు ఇదియే మూలము.

మఱునాడు వదినగారు మమ్ము ఆత్రేయపురములో పూతరేకులు చేయు నొక యామె యింటికి తీసికొనిపోయిరి. ఈ రేకులకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది. కాని ఆ గుర్తింపుపత్రమెట్లున్నదో ఆ యింటివారెవ్వరును చూచినవారు కారు. వసారాలో నొక పొయ్యి. దానిపై బోర్లించిన నున్నని కుండ. ప్రక్కనున్న తూటిగుండ ఎండుకొబ్బరాకులు మంట వేయుచున్నారు. బియ్యమును నానబెట్టి, పాలవలె పలుచగా రుబ్బి, ఆ పిండినీటిలో గుడ్డపేలికను ముంచి, దానిని రెండుచేతుల పట్టి కుండమీదుగా నొక్కలాగు లాగుదురు. రెప్పపాటులో పల్చని పొర యేర్పడును. దానిని గోటితో నెత్తి ప్రక్కన వేయుదురు. అది రేకు. దానిగుండ అవతలి మనుష్యుని పోల్చుకొనవచ్చును. ఆ మంటయెదుట కూర్చుండిన స్త్రీకి ముఖమంతయు చెమట. దినమునకు కొన్ని వందల రేకులు తీయవలెను. తినువారు దాని సుకుమారమునే పొగడుదురుగాని, ఆ పొగను ఎవ్వరు తలచెదరు?

రేకులను మడుచు పని ఇంటి పెద్దామెది. రెండు రేకులు పఱచి, కరగిన నేయి చిలకరించి, యేలకులు కలిపిన బెల్లపుపొడి చల్లి, మఱల నేయి వేసి, కాగితమువలె మడచును. మా యమ్మాయి యూరకుండక సంచిలోని డబ్బా తీసి, “మామ్మగారూ, ఇది రాయకూడదా?” అని యడిగెను. ఆమె నవ్వి, “రాసి చూద్దాం, దానికేం?” అని గరిటెతో కొంచెము తీసి నిప్పులపై వెచ్చజేసెను. అది చిటపటలాడి, నూనె పైకిని నీరు క్రిందికిని విడిపోయెను. దానిని రేకుపై చిలకరింపగా, తడి తగిలినచోటనెల్ల రేకు ముడుచుకొని జిగురై చినిగిపోయెను. “నీళ్లమ్మా ఇందులో!” అని యామె చినిగినదానిని అమ్మాయి చేతిలో పెట్టెను.

న్యాయము చెప్పవలెనన్నచో, పచ్చివెన్న రాచినను రేకు అట్లే చెడును, దానిలోను నీరున్నది కనుక. నేయి యొక్కటియే ఆ రేకునకు తగినది. ఆ మాట మేమనగా పెద్దామె తల యూపి, “నీళ్లు లేనిది ఇంకోటుందండి, అదే మమ్మల్ని పీడించేది” అనెను. ఏమది యనగా, వనస్పతి.

“బేరగాళ్లు అడుగుతారమ్మగారూ. సగం నెయ్యి, సగం వనస్పతి వెయ్యి, రేటు తగ్గుతుంది అంటారు. వేడిగా ఉన్నప్పుడు తెలీదు. రెండోరోజుకి నోట్లో అంగిలికి మైనంలా అతుక్కుంటుంది. నెయ్యైతే నాలిక వేడికే కరిగిపోద్ది.”

“అప్పుడు నీవేమందువు?”

“రేటు తగ్గాలంటే నెయ్యి తగ్గిస్తానండి. రెండు చెంచాలేసే చోట ఒకటేస్తాను, ఆ మాట చెప్పే ఇస్తాను. తగ్గిస్తాను గాని మార్చను. దసరాకి ఒక పెద్ద బేరం అలాగే పోయింది. మనవరాలి ఫీజు కట్టాల్సిన నెల. చిన్న బేరాలు వస్తాయనుకున్నాం. కొన్నొచ్చాయి, కొన్ని రాలేదు.”

ఇట్లు చెప్పుచు ఆమె చేయి యాపక మడుచుచునే యుండెను. ఫీజు ఎట్లు కట్టితిరని మే మడుగలేదు. గాజులు లేని ఆమె చేతులను చూచి అడుగ బుద్ధి పుట్టలేదు.

ఆ రాత్రి మా వారు వనస్పతి పుట్టుపూర్వోత్తరములు చెప్పగా, మా యమ్మాయితోపాటు మేమును వింటిమి. వెన్నకు బదులు వెదకుట క్రొత్త ముచ్చట కాదు. ఫ్రాన్సుదేశమున మూడవ నెపోలియన్ చక్రవర్తి, సైనికులకును పేదలకును చవుకగా దొరకు వెన్నవంటి వస్తువును కనిపెట్టుమని కోరగా, మెజ్-మూరియె అను రసాయనశాస్త్రజ్ఞుడు 1869లో గొడ్డుకొవ్వుతో మార్గరీనును చేసెను. పిమ్మట 1902లో నార్మన్ అను జర్మనుశాస్త్రజ్ఞుడు ద్రవరూపమున నున్న నూనెలోనికి ఉదజని వాయువును పంపి గట్టిపఱచు విధానమునకు పేటెంటు పొందెను. మనదేశమున 1937లో డాల్డా బజారునకు వచ్చెను. నేతివలె పూసకట్టి, నేతికన్న మిక్కిలి చవుకగా నుండుటచే, అది పెండ్లివంటలలోనికిని మిఠాయియంగళ్లలోనికిని పోయెను. నేతిలో కలిసినచో కనిపెట్టుట యెట్లు? దీనికి మన ప్రభుత్వమువారు పన్నిన యుపాయము మాకు మిక్కిలి ముచ్చట గొలిపెను. వనస్పతిలో నూటికి ఐదుపాళ్లు నువ్వులనూనె తప్పక కలుపవలెనని చిరకాలము నిబంధన యుండెను. అనుమానమున్న నేతిని కొన్ని రసాయనములతో కలిపినప్పుడు, అందు నువ్వులనూనె జాడయున్నచో ఎఱ్ఱనివన్నె తిరుగును, దొంగ పట్టుబడును. మన పప్పునూనె ఆవకాయలోనే గాక న్యాయస్థానమున సాక్ష్యమునకును పనికివచ్చినదన్నమాట!

నూనెను అట్లు సగముమాత్రమే గట్టిపఱచినప్పుడు అందు ట్రాన్సుకొవ్వు లనునవి పుట్టును. అవి రక్తమున చెడు కొలెస్టరాలును పెంచి, మంచిదానిని తగ్గించి, గుండెకు కీడు చేయునని వైద్యశాస్త్రము నేడు నిశ్చయించినది. మనదేశమున వీని పరిమితిని 2021లో నూటికి మూడునకును, 2022లో రెండునకును దించిరి. కావున నేటి డబ్బాలన్నియు వెనుకటి వనస్పతివంటివే యనుట సరికాదు. మా యత్తగారు దానిని విషమనుటకు తగిన యాధారము లేదు. ఈ మాట ఆమెకు చెప్పుటకు మాకు రెండుదినములు పట్టినది.

అట్లని నేయి నిర్దోషియు గాదు. వెన్నలోని కొవ్వులో సగమునకు మించి గట్టికొవ్వే. అధికముగా తినినచో అదియు చెడు కొలెస్టరాలును పెంచును. 1918లో కూనూరున పుట్టి, 1958లో హైదరాబాదునకు వచ్చిన జాతీయ పోషకాహారసంస్థవారు సయితము వెన్న నేతులను మితముగా వాడుమనియు, వనస్పతిని వంటనూనెగా వాడవలదనియు చెప్పుచున్నారు. మా వారిని చూచిన వైద్యుడు మాతో చెప్పినదియు ఇంచుమించుగా నదియే. ఏమి తినుచున్నారని గాక, యెంత తినుచున్నారని ముందుగా అడిగెను. మాకు సమాధానము తెలియదు. మన యిండ్లలో నేతికి లెక్క యెక్కడిది? వంచినంత.

మా యింట అసలు చిక్కు డబ్బాతో గాదు, నేతిగిన్నెతో వచ్చినది. మా యత్తగారు నలువదియేండ్లుగా కుమారునకు స్వయముగా వడ్డించుచున్నారు. పప్పన్నములో గరిటెడు నేయి వంచి, “ఇంకొంచెం” అనుటయే ఆమెకు తెలిసిన ప్రేమభాష. ఆ గరిటెను తీసివేయుమని కోడలు చెప్పుట యెట్లు? డబ్బాను వాడినచో ఆ మాట చెప్పవలసిన పని లేదు. నేతిని ఆమె ఇష్టము వచ్చినట్లు వడ్డింపవచ్చును, వెన్నయొక్కటే పోవును. ఆలోచించిన కొలది, ఆ డబ్బా మాకు సులభమైన దారిగా కానవచ్చినది ఇందువలననే యని తెలిసెను. పూతరేకుల పెద్దామె తన బేరగానితో చెప్పిన మాటనే మేము మా యత్తగారితో చెప్పితిమి. తగ్గింతము, మార్పవలదు. ఆమె వారముదినములు మాతో ముభావముగా నుండిరి. ఎనిమిదవనాడు తామే తమ పెట్టెనుండి ఒక వెండిచెంచాను తీసి నేతిగిన్నెలో వేసిరి. అది మా వారి అన్నప్రాశననాటి చెంచా. అంతకన్న చిన్నది మా యింటలేదు.

ఇప్పటి మా యేర్పాటు ఇట్లున్నది. మధ్యాహ్నము మొదటి ముద్దకు ఆ చెంచాతో ఒక్క చెంచా నేయి. పోపులకును కూరలకును గానుగనుండి తెచ్చిన నువ్వులనూనె, వేపుడులకు వేరుసెనగనూనె. అదియు నెలకు ఇంతయని సీసాపై గుర్తుపెట్టి పోయుచున్నాము. కాచిన పాలమీది మీగడను వారముదినములు కూడబెట్టి చిలుకుదుము. వచ్చిన వెన్నలో కొంత పిల్లలకు, తక్కినది కాచుటకు. డబ్బును లెక్కించినచో మునుపటికన్న నేతికి తక్కువయే యగుచున్నది. మంచినేయి కొద్దిగా వేసినను వాసన విస్తరియంతయు నిండును గనుక కొఱత తోచదు. చైత్రమున చేయించిన పరీక్షలో మా వారికి కొంత గుణము కనబడెను. వారు మందును పుచ్చుకొనుచున్నారు, ఉదయమున కాలువగట్టున నడుచుచున్నారు కూడ. కావున ఆ కీర్తినంతయు మా చెంచాకే కట్టబెట్టుట ధర్మము గాదు.

అమ్మాయికొక్కతెకే కొంత యసంతృప్తి మిగిలినది. రిఫ్రిజిరేటరులోని వెన్న గట్టిగానుండి రొట్టెను చింపునని ఆమె ఫిర్యాదు. దీనికి వదినగారి పద్ధతియే మేలని తోచినది. రెండుదినములకు చాలు వెన్నను పింగాణిగిన్నెలో వేసి, మునుగునట్లు చన్నీరు పోసి, నీడపట్టున నుంచి, ఆ నీటిని ఉదయము సాయంకాలము మార్చుచున్నాము. వెన్న మెత్తగా నుండును, పులియదు. ఎండలు ముదిరిన రోజులలో ఒక్కదినమునకు చాలినంతయే వెలుపల నుంచవలెను. మొన్న ఆమె దానిని రొట్టెపై రాచుకొని తిని, “బాగుందమ్మా. కాని డబ్బాలోది ఇంకా మెత్తగా ఉండేది” అనెను.